గొలుసు వెనక్కి పంపిన కొడుకు గురించి

తమ్ముడూ,

నీ కథ చదివాక కోపం వచ్చింది, అందుకే వెంటనే రాస్తున్నా. మనవరాలి మెడలో వేయమని తల్లి తన దేవుడి లాకెట్ ఉన్న గొలుసు పంపింది. ఆ నమ్మకం ఎప్పుడో వదిలేసిన కొడుకు దాన్ని వెనక్కి పంపేసి, ఫోన్‌లో రెండు పేజీల ఉపన్యాసం ఇచ్చాడు. అందులో 1989 నాటి ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒప్పందం, దాని 14వ అధికరణ కూడా చెప్పించావు. పిల్లలకు మతస్వేచ్ఛ ఉందని, వాళ్లకు దారి చూపే హక్కు, బాధ్యత తల్లిదండ్రులవని ఆ అధికరణలో ఉన్న మాట నిజమే. వాదనలో అతనిదే గెలుపు, సరే. కన్నతల్లితో అధికరణలు మాట్లాడే కొడుకుని మాత్రం నేనింతవరకూ చూళ్లేదు.

ఆ ఉపన్యాసానికి ముందు ఆవిడ "గొలుసు సరిపోయిందా, బిగుతుగా లేదు కదా?" అని అడుగుతుంది. ఎంత మంచి మాట అది! నువ్వేమో దాన్ని పట్టించుకోకుండా వెళ్లిపోయావు.

నేను ఎవరికైనా చెప్పేది ఒకటే, నీకు నచ్చని పాత్రకే నీ దగ్గరున్న మంచి మాటలన్నీ ఇవ్వాలి. ఆవిడ పాపని తన మతంలోకి లాగాలని పంపిందా, తను పోయాక పాపని ఎవరు కాపాడతారన్న భయంతో పంపిందా? రెండూ కావచ్చు. కొడుక్కి అది తెలియాలి, తెలిసి కూడా వద్దనాలి. వద్దనడం కూడా అందరూ ఒకేలా చెయ్యరు. తీసుకుని బీరువాలో పడేసి, వాళ్లొచ్చినప్పుడు మాత్రం పాపకి వేసేవాళ్లుంటారు, అది ఎప్పుడో పాప నోటెంటే బయటపడుతుంది. "దాచి ఉంచుతామమ్మా, పెద్దయ్యాక వేసుకోవాలో వద్దో తనే చూసుకుంటుంది" అని ముందే చెప్పేసేవాళ్లుంటారు, నాకు వీళ్లంటే గౌరవం. ఆ మాట కొడుకే చెప్పాలి, కోడలు చెబితే గొడవ మతం మీద నుంచి కోడలి మీదకు మళ్లుతుంది. అసలు నీ కథలో కోడలికి ఒక్క మాట కూడా లేదేంటి?

కొత్తల్లో నేనూ ఇలాంటి కథే రాశాను, అందులో గొలుసు బదులు మతగ్రంథం. ఒక సంపాదకుడు "చివర్లో ఆ పుస్తకం విసిరికొట్టించండి, వేసుకుంటాం" అన్నాడు. ఇంకొకాయన కొడుకు మనసు మారి ప్రార్థన చేసినట్టు ముగించమన్నాడు. డబ్బుకి బాగా ఇబ్బందిపడుతున్న రోజులవి, అయినా ఇద్దరికీ ఇవ్వలేదు, ఆ కథ ఏళ్ల తరబడి అలాగే పడి ఉంది. ఇప్పటికీ పోటీల్లో తీర్పు చెప్పే కథలకే బహుమతులొస్తుంటే నాకు ఒళ్లు మండుతుంది.

ఆ గ్రంథం నిజంగా మా నాన్న ఇచ్చిందే. మొదటి పేజీలో ఆయన చేత్తో నా పేరు రాశారు. "మీ చేతిరాత కోసం ఉంచుకుంటాను నాన్నా, చదవను" అని ఆయనతోనే చెప్పాను. కొన్నాళ్లు నాతో మాట్లాడలేదు. ఆ తర్వాతెప్పుడో మా ఇంటికొచ్చి, దాని అట్ట ఊడిపోయి ఉంటే, ఏమీ అనకుండా కూర్చుని అంటించారు.

నువ్వు ఆ రెండు పేజీలూ కొట్టేయ్. కొడుకు జవాబు ఒక్క వాక్యంలో రాయి, దానికి ఆవిడ ఏమందో కూడా రాయి. కోడలిని మాట్లాడనివ్వు. రాశాక ఏ పత్రికకీ పంపకు, ముందు నాకు పంపు.