పూజకు వెళ్తున్నాం కదా, మళ్ళీ ఆరాధన ఎందుకు?

"ఆదివారం చర్చిలో పూజకు (మాస్‌కు) వెళ్తున్నాం, సత్ప్రసాదం (పూజలో ఇచ్చే ప్రతిష్ఠిత అప్పం) తీసుకుంటున్నాం, మళ్ళీ నెలలో మొదటి శుక్రవారం ఆ సత్ప్రసాదం ముందు గంటసేపు ఆరాధనలో కూర్చుంటేనే పవిత్రులమవుతామా?" అని అడిగారు. కూర్చున్నంత మాత్రాన కాదు. ఆరాధన పూజకు పోటీ కాదు, దాని కొనసాగింపే. పూజలో గురువు (ఫాదర్) ప్రతిష్ఠించిన అప్పంలో క్రీస్తు నిజంగా ఉంటాడని, పూజ అయిపోయాక కూడా ఆ ఉనికి పోదని కతోలిక విశ్వాసం. అందుకే ఆ అప్పాన్ని మందసంలో (చర్చిలో దానికోసం ఉండే పెట్టెలో) భద్రపరుస్తారు, ఆరాధన వేళ పీఠం మీద అందరికీ కనిపించేలా పెడతారు.

ఇక పవిత్రత సంగతి. మదర్ తెరెసా సిస్టర్లు 1973 నుంచి రోజూ గంట ఆరాధన చేస్తున్నారు, దానివల్ల పేదల సేవేం ఆగలేదు. 2025లో పునీతుడిగా (సెయింట్‌గా) ప్రకటించిన కార్లో అక్యుటిస్ కూడా రోజూ పూజకు వెళ్ళి కాసేపు సత్ప్రసాదం ముందు కూర్చునేవాడు. 15 ఏళ్ళకే చనిపోయిన ఆ కుర్రాడికి కంప్యూటరంటే పిచ్చి!

మొదట్లో పది నిమిషాలకే మనసు ఫోన్ మీదికి పోతుంది, నాకూ అంతే. టెన్షన్ పడకండి, పావుగంటతో మొదలుపెట్టండి. బైబిల్లోని ఒక కీర్తన చదువుకుని, మీరు మాట్లాడడం మానేసిన మనిషి కోసం ప్రార్థించండి. పాపసంకీర్తనం (ఫాదర్ దగ్గర పాపాలు ఒప్పుకోవడం) చేసి చాలా రోజులైతే మాత్రం ముందు ఫాదర్ గారిని కలవండి.