కౌన్సెలర్ ‘లైసెన్సు’ కోసం ఎఫ్‌డీ తీయొచ్చా?

ప్రశ్న: మాది విశాఖపట్నం, గాజువాక. వయసు 34. బీఎస్సీ, బీఈడీ చేసి సీబీఎస్‌ఈ స్కూల్లో సైన్స్ చెబుతున్నాను. జీతం 24,000. మావారికి పరవాడ ఫార్మా కంపెనీలో 30,000 వస్తుంది. ఇంటి ఖర్చు 36,000. నెలకు 10,000 చొప్పున 2.5 లక్షల చీటీ 11 నెలలుగా కడుతున్నాం. 2 లక్షల ఎఫ్‌డీ ఉంది. స్కూల్ కౌన్సెలర్ కావాలన్నది నా కోరిక. ఒక ఇన్‌స్టిట్యూట్ వాళ్లు 6 నెలల్లో ప్రభుత్వ లైసెన్సు ఇప్పిస్తామని 85,000 అడుగుతున్నారు. 5,000 అడ్వాన్స్ ఇచ్చాను. మిగతా దానికి ఎఫ్‌డీ తీయనా, చీటీ పాడుకోనా?

జవాబు: రెండూ వద్దమ్మా. ఆ 80,000 అసలే కట్టకండి. అమెరికాలో స్కూల్ కౌన్సెలర్లకు రాష్ట్రాలు లైసెన్సు ఇస్తాయి. మన దేశంలో స్కూల్ కౌన్సెలర్‌కంటూ విడిగా ప్రభుత్వ లైసెన్సు లేదు. భారత పునరావాస మండలి (ఆర్‌సీఐ) రిజిస్ట్రేషన్ క్లినికల్ సైకాలజిస్టుల్లాంటి వాళ్లకు సంబంధించింది. లేనిదాన్ని ఎవరూ ఇప్పించలేరు.

మీ కోరిక మాత్రం చాలా మంచిది. మన విశాఖలో కోచింగ్‌కు వచ్చిన ఒక అమ్మాయి మరణం కేసులోనే సుప్రీంకోర్టు 2025 జూలైలో మార్గదర్శకాలు ఇచ్చింది. 100 మంది, అంతకంటే ఎక్కువ విద్యార్థులున్న సంస్థల్లో అర్హత గల కౌన్సెలర్ గానీ, సైకాలజిస్టు గానీ, సోషల్ వర్కర్ గానీ ఉండాలంది. ఈ ఊళ్లో ఎన్ని హాస్టళ్లు, ఎన్ని కాలేజీలు ఉన్నాయో మీకు నేను చెప్పక్కర్లేదు. పిల్లల మాట వినే మనిషి ప్రతిచోటా కావాలి.

ఇక అర్హత సంగతి. సీబీఎస్‌ఈ 2018 నియమావళి ప్రకారం సైకాలజీ డిగ్రీ ఉండాలి, లేదా ఏదైనా డిగ్రీతో పాటు గైడెన్స్ అండ్ కౌన్సెలింగ్ డిప్లొమా ఉండాలి. తాజా సర్క్యులర్ కూడా ఒకసారి చూసుకోండి. ఆంధ్రా యూనివర్సిటీలో రెగ్యులర్‌గా సైకాలజీ పీజీ చేయాలంటే పీజీసెట్ ప్రవేశ పరీక్ష రాయాలి, రెండేళ్లు ఉద్యోగం మానాలి. ఫీజు పక్కన పెట్టినా పోయే జీతమే 5,76,000. దూరవిద్యలో చేద్దామంటే, సైకాలజీ కోర్సులను 2025 జూలై-ఆగస్టు సెషన్ నుంచి యూజీసీ ఆపించింది. కొత్తగా సీటు ఇప్పిస్తామని ఎవరైనా ఫోన్ చేస్తే నమ్మకండి.

మీలాంటి బీఈడీ టీచర్‌కు సరిపోయేది ఎన్‌సీఈఆర్‌టీ ఇచ్చే గైడెన్స్ అండ్ కౌన్సెలింగ్ డిప్లొమా. ఏడాది కోర్సు. మొదటి 6 నెలలు ఉద్యోగం చేసుకుంటూనే దూరవిద్యలో చదవొచ్చు, తర్వాత 3 నెలలు నేరుగా క్లాసులు, చివరి 3 నెలలు ఇంటర్న్‌షిప్. ఆ క్లాసులకు మనకు భువనేశ్వర్‌లోని ప్రాంతీయ విద్యా సంస్థ దగ్గరైనా, ఆంధ్రప్రదేశ్ వచ్చేది మైసూరు సంస్థ పరిధిలోకి. అసలు ఖర్చు ఫీజులో కాదు, ఆ మైసూరు 3 నెలల్లో ఉంది.

లెక్క చూడండి. ఇప్పుడు మీ ఇద్దరి జీతం 54,000, ఖర్చు, చీటీ కలిపి 46,000. చీటీ ఇంకా ఉండగానే మీ జీతం ఆగితే నెలకు 16,000 తక్కువ పడుతుంది. 3 నెలలకు 48,000. మైసూరులో మీ గదికి, తిండికి నెలకు 12,000 వేసుకున్నా 36,000. ఫీజు, రైలు ఛార్జీలు కలుపుకుని 1.2 లక్షలు చేతిలో పెట్టుకోండి. ఇప్పుడు మిగులుతున్న 8,000ను బ్యాంకులో రికరింగ్ డిపాజిట్ (ఆర్‌డీ) కడితే 15 నెలల్లో ఆ మొత్తం చేరుతుంది. అప్పటికి చీటీ కూడా అయిపోతుంది. ఇప్పుడు పాడితే ఎక్కువ తగ్గించి పాడాలి. అందుకే చివరిదాకా ఆగండి. ఎఫ్‌డీ ఇంటికి ఆపద వస్తే వాడుకునేది, దాన్ని ముట్టుకోవద్దు. మధ్యలో డబ్బు అత్యవసరమైతే ఎఫ్‌డీ మీద బ్యాంకు ఇచ్చే అప్పు (ఓవర్‌డ్రాఫ్ట్) తీసుకోండి, డిపాజిట్ చెక్కుచెదరదు.

అంతకంటే ముందు మీ ప్రిన్సిపాల్ గారిని కలవండి. కౌన్సెలర్ మీ స్కూల్‌కూ అవసరమే. “డిప్లొమా చేసి వస్తాను, ఆ 3 నెలలకు సగం జీతమైనా ఇవ్వండి, ఇంటర్న్‌షిప్ ఇక్కడే చేయనివ్వండి, తర్వాత రెండేళ్లు ఇక్కడే పని చేస్తాను” అని కాగితం మీద రాసి అడగండి. ఒప్పుకుంటే ఆర్‌డీ 15 నెలలు అక్కర్లేదు. కౌన్సెలర్‌కు ఎంత జీతం ఇస్తారో కూడా అప్పుడే తేల్చుకోండి. పెరిగేది 4,000 అయితే పెట్టిన 1.2 లక్షలు తిరిగి రావడానికి 30 నెలలు పడుతుంది, 10,000 పెరిగితే ఏడాది చాలు.

ఇన్‌స్టిట్యూట్‌కు ఇచ్చిన 5,000 వెనక్కి ఇమ్మని ఈ వారమే మెయిల్ పెట్టండి. రసీదు, వాళ్లు లైసెన్సు ఇప్పిస్తామన్న వాట్సాప్ మెసేజ్‌ల స్క్రీన్‌షాట్లు దాచండి. ఇవ్వకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించండి.