తేవీస్ అంటే 32 రాస్తున్నాడు

ప్రశ్న: మా బాబు మూడో తరగతి, మరాఠీ మాధ్యమం. 59+34 ఎంతరా అంటే క్షణంలో 93 అంటాడు. ఎలా వచ్చిందంటే చెప్పలేడు. 'తేవీస్' (మరాఠీలో 23) రాయమంటే మాత్రం 32 రాస్తాడు. ఊహించి చెప్పడం మాన్పించాలా?
- ఒక తల్లి, సిరోంచ (మహారాష్ట్ర)

జవాబు: మాన్పించకండి. అది గాలివాటం జవాబు కాకపోవచ్చు. 59ని మరాఠీలో 'ఏకోణ్‌సాఠ్' అంటారు, అంటే అరవైకి ఒకటి తక్కువ. 60+34 నుంచి ఒకటి తీసేస్తే 93. ఆ కిటుకు పేరులోనే ఉంది. ఇంట్లో వినే 'యాభై తొమ్మిది' వేరే దారి చూపిస్తుంది: 50+30, 9+4. రెండు భాషల ఇంట్లో పెరిగే పిల్లలకు ఇది నిజంగా పెద్ద ఆస్తి.

పరీక్షించాలంటే 29+47, 48+36, 99+17 అడగండి. 29 మరాఠీలో 'ఏకోణ్‌తీస్', ముప్పైకి ఒకటి తక్కువ. ఆ మొదటిది మాత్రమే వేగంగా చెబితే పేరు సాయం చేసిందన్నమాట. 99ని మరాఠీలో 'నవ్యాణ్ణవ్' అంటారు, అందులో 'ఏకోణ్' లేదు. అక్కడ కూడా వందలోంచి ఒకటి తగ్గించుకుంటే కిటుకు బాగా పట్టుబడినట్టే.

తీసివేతలో ఇదే కిటుకు తిరగబడుతుంది. 63-29కి చాలామంది 63-30=33 చేసి, కూడికలో అలవాటైన చేత్తో ఇంకొకటి తీసేసి 32 అంటారు. 63 చింతగింజలను పదేసి చొప్పున ఆరు కుప్పలు, విడిగా మూడు పెట్టించండి. మూడు కుప్పలు మీరు తీసుకుని, "29 అడిగి 30 పట్టుకెళ్లాను, ఒకటి వెనక్కి ఇవ్వనా?" అనండి. 34 అని వాడే అంటాడు.

ఇక తేవీస్. మరాఠీ ఒకట్లను ముందు పలుకుతుంది: 'తే' మూడు, 'వీస్' ఇరవై. చెవిన పడ్డ వరుసలోనే రాస్తే 32 అవుతుంది. పిల్లవాడి తప్పేమీ లేదు. 2019లో మహారాష్ట్ర పాఠ్యపుస్తకాల సంస్థ బాలభారతి రెండో తరగతి లెక్కల పుస్తకంలో 'వీస్ తీన్' అని పదులు ముందు చదివే పద్ధతి పెట్టింది ఇలాంటి ఇబ్బంది వల్లే. దానిమీద పెద్ద గొడవే నడిచింది. మీరు పదేసి చీపురుపుల్లల కట్టలు కట్టండి. అంకె పూర్తిగా వినేదాకా బలపం పట్టనివ్వద్దు. ఎడమన రెండు కట్టలు, కుడిన మూడు పుల్లలు పెట్టి, 'ఇరవై మూడు' అని తెలుగులో అనుకుని, అప్పుడు రాయాలి. రోజుకు పది అంకెలు చాలు.

బడిలో మెట్లు అడిగితే 59+34=60+34-1=93 అని ఒక్క వరుస రాయించండి. అదే మెట్టు.

ప్రశ్న: మా పాప వెంటనే జవాబు చెప్పదు. చురుకు తక్కువనుకోవాలా?
- ఒక తండ్రి, బల్లార్‌పూర్

జవాబు: అనుకోవద్దు. ఉపాధ్యాయులు ప్రశ్న వేశాక సగటున ఒక సెకను మించి ఆగడం లేదని అమెరికా పరిశోధకురాలు మేరీ బడ్ రో 1970లలో గమనించారు. మూడు సెకన్లు ఆగితే జవాబులు పొడవయ్యాయి, మాట్లాడనివాళ్లూ మాట్లాడారు. ప్రశ్న అడిగి మనసులో మూడు లెక్కపెట్టండి. పాప జవాబు చెప్పాక మళ్లీ మూడు లెక్కపెట్టండి. చాలాసార్లు అసలు మాట అప్పుడే వస్తుంది.