మందు సీసా మూత తీసే ముందు

అమ్మలూ,

నువ్వు పంపిన ఫొటోలు చూశాను. టమాటా ఆకుకి మూడు చిల్లులు, కింది ఆకు మీద నాలుగైదు గోధుమరంగు చుక్కలు. దానికే "మావయ్యా, ఏం మందు కొట్టాలి?" అని అంత టెన్షన్ పడిపోతూ రాశావు. నాలుగు రోజులు ఏమీ కొట్టకు. ఎందుకో చెబుతాను, కాస్త ఓపిగ్గా చదువు.

ముందు ఒక పని చెయ్యి. రేపు పొద్దున్నే టమాటా కాండాన్ని రెండు వేళ్ల మధ్య పట్టుకుని కింది నుంచి పైకి మెల్లగా నిమురు. ఐదారు మొక్కలయ్యాక వేళ్లు చూసుకో. పచ్చగా జిగురు పట్టి, కాసేపటికి నల్లబడతాయి. సబ్బుతో కడిగితే నురగ పసుపురంగులో దిగుతుంది. కాండం మీది నూగులో కొన్ని వెంట్రుకల చివర బుడిపెలుంటాయి. భూతద్దంలో చూస్తే గుండుసూదులు గుచ్చినట్టే ఉంటుంది. ఏది తగిలినా అవి పగిలి జిగురు వదులుతాయి. నీ చేతికి అది మరక, తెల్లదోమకీ పేనుబంకకీ కాళ్లు కూరుకుపోయే ఊబి. క్యాబేజీ ఆకు మీద నీళ్లు నిలవకుండా జారిపోతాయి చూడు, అక్కడ నూగు బదులు మైనం పూత ఉంటుంది. జిల్లేడు తుంచితే పాలు చిమ్మేదీ ఇందుకే. కొన్ని పురుగులు ఎంత గడుసువంటే, ముందు ఈనె కొరికి పాలన్నీ కారిపోనిచ్చి, ఆ తర్వాత తీరిగ్గా ఆ పై భాగం తింటాయి.

ఇది ఎప్పుడూ ఉండే కాపలా. దెబ్బ తగిలాక మొదలయ్యేది ఇంకోటుంది. గొంగళిపురుగు ఒక ఆకు కొరికితే ఆ కబురు గంటల్లో మిగతా ఆకులకి పాకుతుంది. అది ముట్టని ఆకుల్లో కూడా, పురుగు పొట్టలో మాంసకృత్తులు అరగకుండా అడ్డుపడే పదార్థాలు తయారవుతాయి. గ్రీన్, ర్యాన్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు దీన్ని 1972లో బయటపెట్టారు, అదీ బంగాళాదుంప, టమాటా మొక్కల్లోనే. పురుగు తింటుంది గానీ ఒంటికి పట్టదు. పెరగడం ఆలస్యమైనకొద్దీ అది పిట్టల కంట్లో పడే రోజులు పెరుగుతాయి. ఈ కబురు మోయడంలో ముఖ్యమైనది జాస్మోనిక్ ఆమ్లం. పేరు వింటే పూల వాసన వస్తోందా? నిజమే, దాని దగ్గరి చుట్టాన్ని 1962లో జాజిపూల నూనెలోంచి వేరుచేశారు. కాబట్టి ఆ మూడు చిల్లులు చూసి బెంగపడకు. కొత్తగా వస్తున్న చిగురు బాగుందా లేదా, అది చూడు.

చుక్కల సంగతి వేరు. తెగులు ఒక కణంలోకి దూరినప్పుడు, దాన్ని గుర్తుపట్టగల మొక్క ఆ చుట్టుపక్కల కణాలను తానే చంపేసుకుంటుంది. ఒక పాక అంటుకుంటే మంట పాకకుండా పక్క పాక కప్పు లాగేస్తారే, అలాగన్నమాట. బతికున్న కణాల మీదే బతికే తెగులు తిండి లేక అక్కడే ఆగిపోతుంది. చచ్చిన కణాలను తినే తెగుళ్లూ ఉన్నాయి, వాటి ముందు ఈ ఎత్తు పారదు. ఏది ఏదో తెలియాలంటే నేను చేసే పని చెబుతాను. బాల్‌పెన్ను తీసుకుని ఒక చుక్క అంచు వెంబడే ఆకు మీద సున్నా చుట్టు, తేదీ రాసుకో. నాలుగు రోజులకి మచ్చ గీత లోపలే ఉంటే మొక్క దాన్ని కట్టేసిందనే లెక్క. గీత దాటి, లోపల వలయాలు వలయాలుగా పెరిగిందా, ఆ ఆకు తుంచి దూరంగా పారెయ్యి. ఆకుపచ్చగా ఉన్న మిగతా ఆకుల జోలికి వెళ్లకు. సాయంత్రం పైనుంచి నీళ్లు పోసే అలవాటుంటే మానెయ్యి. రాత్రంతా ఆకు తడిగా ఉంటే బూజు మొలకెత్తడానికి మనమే మంచం వేసినట్టు.

ఆస్పిరిన్ బిళ్ల కరిగించి చల్లమని ఎవరో చెప్పారన్నావు. ఆ మాట గాల్లోంచి ఊడిపడలేదు. తెగులు వచ్చినప్పుడు మొక్కలో పుట్టే సాలిసిలిక్ ఆమ్లానికి ఆస్పిరిన్ తోబుట్టువు. 1979లో పొగాకు ఆకుల్లోకి ఎక్కిస్తే వైరస్ మచ్చలు తగ్గాయి కూడా. కానీ ఈ ఆమ్లం పెరిగితే చాలాసార్లు జాస్మోనిక్ పని మందగిస్తుంది. తెగులుకి తలుపు మూయబోయి పురుగుకి తెరిచినట్టవుతుంది. మోతాదు మించితే ఆకు మాడుతుంది. వద్దులే.

ఇప్పుడు నేను చేసిన తప్పు చెబుతాను. ఒకసారి అలసంద పాదుల నిండా చీమలు. పూలకాడల మీద బారులు బారులుగా తిరుగుతుంటే నాకు ఒళ్లు మండి చీమల పొడి చల్లాను. రెండు రోజుల్లో ఒక్క చీమ లేదు, నా అంతవాడు లేడనుకున్నాను. పది రోజులకి కాయకాయకీ పురుగు. తర్వాత కూర్చుని చూస్తే తెలిసింది, అలసంద పూలకాడ మీద పువ్వుకీ పువ్వుకీ మధ్య చిన్న గ్రంథులున్నాయి, వాటిలో తీపి ఊరుతుంది. మొక్క చీమలకి జీతమిచ్చి కాపలా పెట్టుకుంటే, నేను వెళ్లి కాపలావాళ్లని చంపాను. ఆముదం ఆకు తొడిమ మీద ఆ బుడిపెలు ఇంకా పెద్దవి, నీకు కంటికే కనిపిస్తాయి. అలాగని చీమలన్నీ మంచివనుకోకు. చీమ ఎక్కడ ఆగుతోందో చూడు. ఉత్త కాడ మీద, బుడిపె దగ్గర ఆగితే వదిలెయ్యి. పేనుబంక గుంపు దగ్గర ఆగితే ఆ బంక వదిలే తీపి కోసం అది దొంగకే కాపలా కాస్తోంది. అప్పుడు గట్టిగా నీళ్లు కొట్టి బంకని రాల్చెయ్యి, చీమలు వాటంతటవే పోతాయి.

పేనుబంకలో ఉబ్బి, లేత గోధుమరంగుకి తిరిగి, వీపు మీద గుండ్రటి చిల్లున్నవి కనిపిస్తే సంతోషించు. సన్న కందిరీగ వాటిలో గుడ్డు పెట్టింది, దాని పిల్ల లోపలే తిని పెరిగి ఆ చిల్లులోంచి బయటికి ఎగిరిపోయింది. పురుగు కొరికిన మొక్క వదిలే వాసన పట్టుకునే ఇలాంటి కందిరీగలు వస్తాయని 1990లో మొక్కజొన్న మీద నిరూపించారు. మందు కొడితే ముందు పోయేది ఇవే. వరి దోమని తినే సాలీళ్లూ ఇతర మిత్రపురుగులూ మందుకి చచ్చి దోమే పెరుగుతోందని తేలాక, 1986లో ఇండోనేషియా వరి మీద 57 మందులు ఆపేసింది.

యూరియా గుప్పిళ్లు పోయకు. ఆకు నిగనిగలాడుతుంది గానీ మెత్తబడి, రసం పీల్చే పురుగుకి విందవుతుంది. మొక్కలు ఒత్తుగా పెట్టావు, పక్క మొక్క నీడ పడితే టమాటా తన బలమంతా పైకి సాగడానికే పెట్టి కాపలా తగ్గించుకుంటుంది. మధ్య మధ్య కొన్ని తీసెయ్యి. ఈసారి విత్తనాల ప్యాకెట్ మీద వి, ఎఫ్, ఎన్ అనే అక్షరాలున్నాయేమో చూసి కొను. మొదటి రెండూ వడలు తెగుళ్లకి, మూడోది వేరుకి బుడిపెలు వేసే నులిపురుగుకి తట్టుకుంటుందని అర్థం.

ఒక్క విషయంలో మాత్రం ఆగొద్దు. ఆకులు పైకి ముడుచుకుని, పసుపెక్కి, మొక్క గిడసబారితే అది వైరస్. వేళ్లతో సహా పీకెయ్యి, తెల్లదోమ దాన్ని పక్కవాటికి మోసేలోపే.

పెన్నుతో చుట్టిన ఆకు ఫొటో శనివారం పంపు, తేదీ కనిపించేలా.

మావయ్య