ప్రవచనం నెరవేరుతుందా, సాగుతుందా?

సందేహం: టీవీలో పొద్దున్నే రామాయణ ప్రవచనం వస్తుంది. మా పక్కింటివాళ్లేమో చర్చి నుంచి వచ్చి ‘ప్రవచనం నెరవేరింది’ అంటారు. ఎనిమిదో తరగతి చదివే మా అబ్బాయి పరీక్షలో ‘ప్రవక్త’కు ‘జోస్యం చెప్పేవాడు’ అని అర్థం రాస్తే టీచరు కొట్టేశారు. ఎవరిది ఒప్పు?
– ఒక పాఠకురాలు, తెనాలి

సమాధానం: టీచరుదే ఒప్పు. అలాగని మీవాణ్ణి కోప్పడకండి, వాడు పొరబడింది ‘ప్ర’ దగ్గర. ‘ప్ర’ అంటే ముందు కదా, జరగబోయేది ముందే చెప్పేవాడు ప్రవక్త అనుకుని ఉంటాడు. ఇక్కడ ‘ముందు’ కాలానికి సంబంధించింది కాదు. పదిమంది ముందు విడమరిచి చెప్పడమే ప్రవచనం. తైత్తిరీయోపనిషత్తు శీక్షావల్లిలో ‘స్వాధ్యాయప్రవచనే చ’ అన్న మాట పల్లవిలా మళ్లీ మళ్లీ వస్తుంది. అక్కడ స్వాధ్యాయం అంటే అధ్యయనం, ప్రవచనం అంటే అధ్యాపనం అని శంకరుల భాష్యం. తాను చదువుకోవడం ఒకటి, ఇంకొకరికి చదువు చెప్పడం మరొకటి. ఉత్తరప్రదేశ్ ఇంటర్ కాలేజీల్లో లెక్చరర్ పోస్టును ‘ప్రవక్తా’ అనే అంటారు. హిందీలో రాజకీయ పార్టీల అధికార ప్రతినిధి కూడా ప్రవక్తాయే. వార్త తెనిగించేవాళ్లు తొందరలో ఆ మాటను ఉన్నదున్నట్టు దించేశారంటే ఆ పెద్దమనిషి తెలుగులో దైవప్రవక్త అయి కూర్చుంటాడు!

బైబిల్లో ప్రవక్త కూడా మొదట మాట్లాడేవాడే. నిర్గమకాండం 7వ అధ్యాయం మొదట్లో, అహరోను మోషేకు ప్రవక్తగా ఉంటాడని దేవుడు అంటాడు. మోషేకు నోరు తిరగదు, ఫరో ఎదుట తమ్ముడి తరఫున అన్న మాట్లాడాలి. అలాగే దేవుడి తరఫున పలికేవాడు ప్రవక్త. ఆ పలుకుల్లో రాబోయేవాటి గురించి హెచ్చరికలూ ఉంటాయి కాబట్టి క్రైస్తవుల తెలుగులో ‘ప్రవచనం’ ఆ అర్థాన్నీ కలుపుకుంది. యోనా సంగతి చూడండి. నలభై రోజుల్లో నీనెవె నాశనమవుతుందని చాటాడు. ఊరు ఊరంతా పశ్చాత్తాపపడింది, నాశనం తప్పింది. జోస్యుడైతే పరువు పోయేది. యోనా మాత్రం ప్రవక్తగానే మిగిలాడు (ఆయనకూ కోపం వచ్చిందనుకోండి, అది వేరే కథ). ముస్లింలు ముహమ్మద్ ప్రవక్త అన్నప్పుడూ దైవసందేశం అందించినవారనే భావం.

జోస్యం ‘జ్యోతిషం’ నుంచి వచ్చింది. దానికి గ్రహాలు కావాలి, లెక్క కావాలి, ఏదీ లేకపోతే చిలకైనా కావాలి. ఎరుకలసాని చెప్పేది సోదె. బ్రహ్మంగారిది కాలజ్ఞానం. సికింద్రాబాద్ ఉజ్జయినీ మహంకాళి బోనాల్లో పచ్చికుండ మీద నిలబడి మాతంగి పలికే ఘట్టం రంగం, ఆ పలుకును పేపర్లవాళ్లు భవిష్యవాణి అంటారు. ఏ మాట చోటు దానిదే. ‘బ్రహ్మంగారి జోస్యం’ అని చూడండి, కందిమల్లాయపల్లె భక్తులకు మనసు చివుక్కుమంటుంది.

‘ప్రవచనం’ ఎదురైనప్పుడు పక్కనున్న క్రియను చూడమని మీవాడికి చెప్పండి. చెప్పారు, విన్నాం, రెండు గంటలు సాగింది అంటే అది పురాణ వ్యాఖ్యానం. నెరవేరింది అంటే పక్కింటివాళ్ల ప్రవచనం. రెండూ తెలుగే, రెండూ ఒప్పే. ఇక ‘మంత్రిగారు ప్రవచించారు’ అని పేపర్లో కనిపిస్తే అది చాలావరకు వెటకారం.

ఈసారి పరీక్షలో ‘దేవుడి సందేశాన్ని ప్రజలకు చెప్పేవాడు’ అని రాయమనండి. మార్కు పడుతుంది.