పోర్టికో గచ్చుకు ఎపాక్సీ: అడుగు రేటు కన్నా ముందు కేజీల లెక్క

ఇల్లు – వాకిలి: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: మా కారు షెడ్డు 10 అడుగుల వెడల్పు, 20 అడుగుల పొడవు. సిమెంటు గచ్చు మీద ఎపాక్సీ వేయిద్దామని అడిగితే శ్రీకాకుళంలో ఒకాయన అడుగుకు 38 రూపాయలన్నారు. విశాఖ నుంచి వచ్చి చూసినవాళ్లు 120 అన్నారు. ఇద్దరూ ఎపాక్సీయే అంటున్నారు. ఎవరిని నమ్మాలండీ?
– ఒక పాఠకుడు, నరసన్నపేట

జవాబు: ఎపాక్సీ అంటే రెసిన్, హార్డెనరు అనే రెండు డబ్బాల సరుకు కలిపితే గట్టిపడే పూత. ఇద్దరూ నిజమే చెప్పి ఉండొచ్చు, వేసే సరుకు మాత్రం ఒకటి కాదు. 38 రూపాయలది రోలరుతో పూసే కోటింగు. ప్రైమరు మీద రెండు పూతలు వేసినా మొత్తం మందం 300 నుంచి 400 మైక్రాన్లు, అంటే అర మిల్లీమీటరు కూడా ఉండదు. 120 రూపాయలది బహుశా 2 మిల్లీమీటర్ల సెల్ఫ్ లెవెలింగ్. పోసి పళ్ల పారతో పరిస్తే తనంతట తానే సమంగా సర్దుకుంటుంది.

మీ షెడ్డు 200 చదరపు అడుగులు, అంటే 18.6 చదరపు మీటర్లు. సెల్ఫ్ లెవెలింగ్ సరుకు ఒక చదరపు మీటరుకు ఒక మిల్లీమీటరు మందాన సుమారు 1.45 కేజీలు పడుతుంది. 2 మిల్లీమీటర్లకు 54 కేజీలు కావాలి, దాని కింద ప్రైమరు 3, 4 కేజీలు. కేజీ 200 రూపాయల లెక్కన ఆ 54 కేజీలకే దాదాపు 11 వేలు అవుతుంది. దాని మీద ప్రైమరు, గ్రైండింగు (గచ్చు పై పొరను మిషనుతో అరగదీయడం), కూలి, మిషను తెచ్చే బండి ఖర్చు కలిస్తే 20 వేలు దాటుతుంది. మీకు చెప్పిన 120 లెక్కన వచ్చే 24 వేలు అన్యాయమేమీ కాదు. ఎవరైనా 2 మిల్లీమీటర్లు వేస్తామంటూ 20 కేజీల సరుకుతో దిగితే మాత్రం పని మొదలుపెట్టనివ్వకండి.

ఇక 38 రూపాయల లెక్క. మొత్తం 7,600. ప్రైమరు, రెండు పూతలు కలిపి 10 కేజీల సరుకు, కేజీ 400 అనుకుంటే 4 వేలు. మిగిలిన 3,600లో కూలి పోగా డైమండ్ గ్రైండింగుకు మిగిలేది ఏమీ లేదు. అందుకే చౌక కొటేషన్లలో చాలావరకు గ్రైండింగు ఎగిరిపోతుంది, చీపురుతో ఊడ్చి పూసేస్తారు. గ్రైండింగు, వ్యాక్యూమ్‌తో శుభ్రం చేయడం, బీటలకు లప్పం అన్నీ కలిపి చేసే మంచి రోలరు కోటింగు అడుగుకు 45 నుంచి 60 పడుతుందని మా అంచనా. 200 అడుగుల చిన్న పనికి అడుగు రేటు కాకుండా గుత్తగా ఇంత అని అడగడం మామూలే. పక్కింటివాళ్లది కూడా కలిపి ఒకేసారి చేయిస్తే కాస్త తగ్గుతుంది.

కాగితం మీద ఈ నాలుగూ రాయించుకోండి: ఎండిన తర్వాత మందం ఎంత, ఏ సరుకు ఎన్ని కేజీలు, గ్రైండింగు ఉందా, 18 శాతం జీఎస్టీ కలిపా విడిగానా. సీలు తీయని డబ్బాలు మీ ముందే విప్పాలి. ఒక్క కారు మాత్రమే పెట్టుకునే ఇంటికి మా ఓటు గ్రైండింగుతో చేసిన రోలరు కోటింగుకే. గచ్చు ఎగుడుదిగుడుగా ఉంటేనో, ముందే చిన్న చిన్న గుంటలు పడి ఉంటేనో 2 మిల్లీమీటర్లకు వెళ్లండి.

ప్రశ్న: ఆగస్టులో మా పోర్టికోకు ఎపాక్సీ వేయించాం. రెండో రోజుకే పైన తెల్లటి మసకలా, జిడ్డుగా వచ్చింది. నెల తిరక్కుండా గోడ వారన పొక్కులు లేచాయి. సరుకు నకిలీదంటారా?
– ఒక పాఠకురాలు, ఆమదాలవలస

జవాబు: నకిలీ అనే ముందు కాలాన్ని అనుమానించాలి. మీరు చెప్పినవి రెండు వేర్వేరు జబ్బులు, ఒకటి గాలిలోని తేమ వల్ల, రెండోది నేలలోని చెమ్మ వల్ల వచ్చింది.

తెల్ల మసక సంగతి: హార్డెనరులో ఉండే అమైన్లు అనే రసాయనాలు, పూత గట్టిపడకముందే గాలిలోని తేమతో, కార్బన్ డయాక్సైడుతో కలిస్తే పైన జిడ్డు పొర కడుతుంది. గాలిలో తేమ 85 శాతం దాటితే పూయకూడదు. గచ్చు వేడి, మంచు పట్టే ఉష్ణోగ్రత (గాలిలోని తేమ నీటిబొట్లుగా మారే స్థాయి) కన్నా కనీసం 3 డిగ్రీలు ఎక్కువ ఉండాలి. గాలి 30 డిగ్రీలు, తేమ 85 శాతం ఉన్న రోజున మంచు పట్టే ఉష్ణోగ్రత 27 దగ్గర ఉంటుంది. గచ్చు కూడా 30 ఉంటే అంచు మీద ఉన్నట్టే, సాయంత్రం చల్లబడగానే గీత దాటిపోతుంది. దీనికి విరుగుడు తేలికే. గోరువెచ్చటి నీళ్లు, కాస్త సబ్బుతో కడిగి, ఆరాక ఇసుక కాగితంతో గరుకు చేసి పైన ఒక పూత వేయించండి. కడగకుండా రుద్దితే ఆ జిడ్డే గచ్చంతా పరుచుకుంటుంది. మసక కాకుండా అక్కడక్కడ మచ్చలుగా బంకగా ఉంటే అది వేరు: రెండు డబ్బాల పాళ్లు తప్పాయి, లేదా అడుగున సరిగా కలపలేదు. ఆ మచ్చలు ఎప్పటికీ గట్టిపడవు, గోకి తీయాల్సిందే.

పొక్కుల సంగతి బరువైనది. గచ్చు కింద పాలిథీన్ షీటు వేయకుండా కట్టిన ఇళ్లలో నేలలోని చెమ్మ పైకి వస్తూనే ఉంటుంది. నాగావళి, వంశధార పక్క పల్లపు వీధుల్లో వానాకాలం నీటిమట్టం పెరిగినప్పుడు ఇది మరీ ఎక్కువ. ఎపాక్సీ దాన్ని బయటికి పోనివ్వదు, ఒత్తిడి పెరిగి పొర లేస్తుంది. ముందే పరీక్షించే పద్ధతి చాలా చౌక. ఒకటిన్నర అడుగుల చదరపు పాలిథీన్ షీటు పరిచి నాలుగు వైపులా టేపు వేసి కనీసం 16 గంటలు ఉంచాలి. ఎండ తగలకూడదు. తీసి చూస్తే అడుగున నీటిబొట్లున్నా, గచ్చు నల్లబడినా చెమ్మ ఉన్నట్టే. గోడ వార, గేటు దగ్గర, మధ్యలో, మూడు చోట్లా చూడండి. మా సలహా: పరీక్ష వానాకాలంలో చేయండి, పని సంక్రాంతి దాటాక పెట్టుకోండి. మార్చిలో పరీక్ష చేస్తే గచ్చు అమాయకంగా పొడిగా కనిపిస్తుంది.

మీ పొక్కులున్న చోట గచ్చు తేలేదాకా గ్రైండ్ చేసి, చెమ్మ ఆపే ఎపాక్సీ ప్రైమరు వేసి మళ్లీ పూయాలి. గోడ అవతల బాత్రూము ఉంటే ముందు ఆ పైపులు చూపించండి. లీకు ఆగకుండా ఎంత ఖర్చు పెట్టినా దండగే.

ప్రశ్న: కారు టైర్లు ఆనే నాలుగు చోట్లే పెచ్చులు ఊడుతున్నాయి. మిగతా అంతా బాగుంది. ఆ నాలుగు చోట్లే పూస్తే సరిపోతుందా?
– ఒక పాఠకుడు, బొబ్బిలి

జవాబు: ఊడిన పెచ్చును తిప్పి అడుగు చూడండి. బూడిదరంగు సిమెంటు పొడి అంటుకుని ఉంటే పై పొర బలహీనం. మేస్త్రీలు నున్నగా రావాలని చివర్లో సిమెంటు పాలు పోసి రుద్దుతారు కదా, ఆ పలుచటి పొరే పెచ్చుతో లేచివచ్చింది. గ్రైండింగు చేసి ఉంటే అది ముందే పోయేది. పెచ్చు అడుగు అద్దంలా శుభ్రంగా ఉంటే గచ్చు మీద నూనె ఉంది, లేదా గరుకు చేయకుండా పూశారు. దూరం నడిచి వచ్చిన వేడి టైరు చల్లారుతూ కింది పూతను పట్టి లాగుతుంది, పట్టు లేని చోట ముందు అక్కడే తెలుస్తుంది.

మిగతా అంతా బాగుందన్న మాట నమ్మకండి. పెచ్చు అంచు నుంచి చాకు మొనతో గోకండి. సులువుగా లేస్తుంటే మొత్తం తీసి మొదలుపెట్టాలి. గట్టిగా ఉంటే ఆ నాలుగు చోట్ల మాత్రం చదరంగా కోసి, గ్రైండ్ చేసి పూయొచ్చు, రంగు తేడా మాత్రం కనబడుతుంది. పూసే ముందు గచ్చు మీద నీళ్లు చల్లండి. ఒక నిమిషంలో పీల్చుకుంటే సిద్ధం, ఆరాక పూయొచ్చు; ముత్యాల్లా నిలిస్తే ఇంకా నూనెనో పాత సీలరో ఉన్నట్టు. గ్రైండరు బదులు బాత్రూము యాసిడ్‌తో కడిగేస్తామనేవాళ్లున్నారు. యాసిడ్ నూనెను తీయదు, పైగా గచ్చును నానబెడుతుంది. వద్దు.

కొత్త పూత మీద 24 గంటలకు నడవొచ్చు, కారు మాత్రం 7 రోజుల తర్వాతే.

ప్రశ్న: మా ఇల్లు సముద్రానికి దగ్గర. పోర్టికోకు మూడు వైపులా ఎండ పడుతుంది. లేత బూడిదరంగు ఎపాక్సీ బాగుంటుందా?
– ఒక పాఠకుడు, భోగాపురం

జవాబు: ఎండ తగిలే చోట ఎపాక్సీ ఒక్కటే వేస్తే పసుపుబారి, పొడిపొడిగా రాలుతుంది. లేత రంగుల్లో అది ఇంకా త్వరగా కనబడుతుంది. పైన ఎండకు తట్టుకునే అలిఫాటిక్ పాలియురెథేన్ పూత వేయించండి, అడుగుకు 25 నుంచి 40 అదనం. వాన జల్లు కొట్టే చోటు కాబట్టి ఆఖరి పూత కింద సన్నటి క్వార్ట్జ్ ఇసుక చల్లించడం మరవకండి. నున్నటి ఎపాక్సీ తడిస్తే కాలు జారుతుంది.

ప్రశ్న: ఇప్పటికే పార్కింగ్ టైల్స్ ఉన్నాయి. వాటి మీద వేయవచ్చా?
– ఒక పాఠకురాలు, చీపురుపల్లి

జవాబు: వేయొచ్చు, కానీ గళ్ల టైలు మీద 2 మిల్లీమీటర్ల పొర కూడా గాడులను పూర్తిగా దాచలేదు, గాడులు నింపడానికే ఇంకో పొర డబ్బు పోతుంది. టైలు తట్టి చూడండి, డొల్ల శబ్దం వచ్చినవి ఉంటే వాటితోపాటే పూతా లేస్తుంది. టైల్స్ గట్టిగా ఉంటే జాయింట్లలో ఎపాక్సీ గ్రౌట్ నింపించి వదిలేయండి, నూనె మరకలకు డిగ్రీజరు చాలు.