ఉత్తుత్తి ప్రయాణం ప్లాన్ చేయిస్తే పిల్లలకు లెక్కలు, మ్యాపు నిజంగా వస్తాయా?

మీ బాబు నాలుగో తరగతి, ఉండేది నిజామాబాద్, కూడికలు తీసివేతలు బాగానే చేస్తాడు కానీ "ఎంత దూరం, ఎంతసేపు, ఎంత ఖర్చు" అనే లెక్క రాగానే "కలపాలా, తీసెయ్యాలా" అని మీ మొహం చూస్తాడు, మ్యాపు జోలికైతే అసలు పోడు, ఉత్తుత్తి ప్రయాణం ప్లాన్ చేయిస్తే ఫలితం ఉంటుందా అని కదా అడిగారు. ఉంటుందండి. నేను హన్మకొండలో మా వీధి పిల్లలకు సాయంత్రాలు చదువు చెప్తుంటాను, మూడు నుంచి ఐదో తరగతి దాకా. వేసవి సెలవుల్లో ఎక్కువగా చేయించేది ఇదే.

ఒక్క షరతు ఉంది. ప్రయాణం ఉత్తుత్తిది కావచ్చు, కానీ రైలు టైమూ టికెట్ ధరా దూరమూ చేతిలో ఉన్న డబ్బూ అసలువే అయ్యుండాలి. చంద్రుడి మీదికి వెళ్దాం అంటే పిల్లలు ఉత్సాహంగా బొమ్మలు వేస్తారు, లెక్క మాత్రం చెయ్యరు, ఎందుకంటే అక్కడ తప్పు చేసినా ఏమీ ఆగిపోదు. అదే అరకు ప్లాన్‌లో గంట అటూ ఇటూ అయితే విశాఖలో అరకు మీదుగా పోయే కిరండూల్ రైలు వెళ్లిపోతుంది, ఉత్తుత్తి రైలే అయినా పిల్లలు నిజంగానే విలవిల్లాడతారు, మళ్లీ పెన్సిల్ వాళ్లే తీస్తారు. నా అనుభవంలో ఈ పద్ధతి బలమంతా అక్కడే ఉంది: ప్రతి లెక్క మీదా ఒక నిర్ణయం ఆధారపడి ఉండాలి. ఆధారపడకపోతే అది పుస్తకంలో లెక్కే, పైన రైలు బొమ్మ అతికించినట్టు.

మేం ఎక్కువగా వేసేది వరంగల్ నుంచి అరకు. ముందు మ్యాపు. ఫోన్ కాదు, కాగితం మ్యాపు, స్టేషనరీ షాపులో దొరికేది, రెండు తెలుగు రాష్ట్రాలూ కలిపి ఉన్నదైతే మంచిది. గోడకు తగిలించకండి, నేల మీద పరవండి. గోడ మీద మ్యాపు చూసి పెరిగిన పిల్లలు ఉత్తరాన్ని "పైన" అనీ దక్షిణాన్ని "కింద" అనీ అంటారు, ఆ అలవాటు పెద్దయ్యాక కూడా పోదు, నదులన్నీ మ్యాపులో పైనుంచి కిందికే పారతాయనుకునే పెద్దవాళ్లను కూడా చూశాను. నేల మీద పరిచి, సూర్యుడు ఉదయించే వైపు ఏదో పిల్లలనే చూపించమని, మ్యాపులో తూర్పు అటు తిరిగేలా కాగితాన్ని తిప్పమంటే, అప్పటికి వాళ్లకు "విశాఖ మన ఇంటికి అటు వైపు ఉంది" అని చెయ్యి చాపి చూపించడం వస్తుంది. ఇక్కడ మీ ఊరికి ఒక వరం ఉంది. మంజీర మహారాష్ట్రలో బాలాఘాట్ కొండల్లో పుట్టి ఆగ్నేయంగా వచ్చి, సంగారెడ్డి మెదక్ ప్రాంతంలో మలుపు తిరిగి ఉత్తరంగా పారి, మీ కందకుర్తి దగ్గర గోదావరిలో కలుస్తుంది. గోడ మీది మ్యాపులో చూస్తే నీళ్లు "పైకి" ఎక్కుతున్నట్టు ఉంటుంది. బాబు చేత ఆ నది వెంట వేలు పెట్టి నడిపించండి, ఎత్తు వేరు, ఉత్తరం వేరు అన్న సంగతి వాడికే అర్థమవుతుంది.

తర్వాత దారం. మా దగ్గర ఉన్న మ్యాపులో ఒక సెంటీమీటరుకు 20 కిలోమీటర్లు. వరంగల్ నుంచి విశాఖకు స్కేలు పెట్టి నేరుగా కొలిస్తే 19 సెంటీమీటర్లు వస్తుంది, అంటే 380 కిలోమీటర్లు. ఇదే దూరాన్ని రైలు దారి మీద దారం పరిచి, మలుపు మలుపుకీ వేలితో నొక్కి పట్టుకుంటూ, చివర్లో దారం సాగదీసి స్కేలు మీద పెడితే ఇంచుమించు 27 సెంటీమీటర్లు, అంటే 540. ఇక రైల్వే వాళ్ల లెక్క చూస్తే దాదాపు 560. ఒకే రెండు ఊళ్లు, మూడు దూరాలు! ఇక్కడ మీరు ఏమీ చెప్పొద్దు, ఊరుకోండి. మా దగ్గర ఐదో తరగతి అమ్మాయి ఒకతి చాలాసేపు మ్యాపు మీద బోర్లా పడుకుని చూసి "రైలు విజయవాడ దాకా దక్షిణానికి పోయి మళ్లీ సముద్రం పక్కన ఉత్తరానికి వస్తుంది, నేరుగా ఎందుకు పోదు?" అని అడిగింది. మ్యాపు వంకే చూపించాను. వరంగల్‌కీ విశాఖకీ మధ్య గీత గీస్తే అది గోదావరి దాటి, పాపికొండల వైపుగా, తూర్పు కనుమల మీదుగా పోతుంది, మ్యాపులో అక్కడంతా ముదురు రంగు. "అంటే రంగు ఉన్నచోట రైలు తిరిగిపోతుందన్నమాట" అంది. ఆ రోజు నుంచి మ్యాపులో రంగులు ఎందుకు వేస్తారో మళ్లీ చెప్పాల్సిన అవసరం రాలేదు.

దారం లెక్క రైల్వే లెక్క కంటే తక్కువ ఎందుకు వచ్చిందో కూడా మాట్లాడించండి. చిన్న మ్యాపులో చిన్న మలుపులు కనపడవు, గీసేవాళ్లు వాటిని సాపు చేసేస్తారు. విశాఖ నుంచి అరకు దాకా అదే దారంతో కొలిపిస్తే తేడా ఇంకా ఎక్కువ వస్తుంది, అక్కడ లైను కొండ చుట్టూ మెలికలు తిరుగుతూ ఎక్కుతుంది కాబట్టి.

ఇప్పుడు టైము. గోదావరి ఎక్స్‌ప్రెస్ సాయంత్రం ఏడున్నర ప్రాంతంలో వరంగల్‌లో ఎక్కితే తెల్లవారి ఆరులోపు విశాఖలో దిగుతాం. మీరు చేయించే రోజు టైమ్ టేబుల్ చూసి అప్పటి టైములు రాయించండి, మేము వాడిన లెక్క 19:30కి ఎక్కి 05:45కి దిగడం. ఎంతసేపు ప్రయాణం అంటే ఒక పిల్లాడు 19.30లోంచి 5.45 తీసేసి "13 గంటల 85 నిమిషాలు" అని రాశాడు. తప్పు అని నేను అనలేదు, "85వ నిమిషం గడియారంలో ఎక్కడుందో చూపించు" అన్నాను. గోడ గడియారం దగ్గర నిలబడి, ముల్లు వెంట వేలు తిప్పుకుంటూ, 60 దగ్గర ఆగిపోయాడు. ఆ తర్వాత నేల మీద సుద్దముక్కతో పొడుగ్గా గీత గీసుకున్నాం, మధ్యలో అర్ధరాత్రి. అటు నాలుగున్నర గంటలు, ఇటు ఐదు గంటల 45 నిమిషాలు, మొత్తం 10 గంటల 15 నిమిషాలు. తేదీ మారే ప్రయాణాలకు ఇంతకంటే సులువైన పద్ధతి నాకు తెలియదు: అర్ధరాత్రి దగ్గర ఒకసారి ఆగి, రెండు ముక్కలు విడిగా లెక్కపెట్టి కలపడమే. అమెరికాలో ఉండి ఇది చదువుతున్న అమ్మానాన్నలకు ఇదే గీత ఇంకా బాగా పనికొస్తుంది, డాలస్‌కీ మనకీ తేడా చలికాలంలో పదకొండున్నర గంటలు, వేసవిలో పదిన్నర, అమ్మమ్మ వాళ్లు ఎప్పుడు మేలుకుని ఉంటారో పిల్లల చేతే గీయించండి.

వేగం అనే మాట నాలుగో తరగతికి ఎక్కువేమో అని చాలామంది అంటారు, నేను ఒప్పుకోను. 560 కిలోమీటర్లు పదింపావు గంటల్లో అంటే గంటకు సుమారు 55. విశాఖ నుంచి అరకు రైల్లో దాదాపు 130 కిలోమీటర్లు, పొద్దున బయల్దేరే కిరండూల్ రైలుకి నాలుగు గంటల పైచిలుకు, అంటే గంటకు 30 చిల్లర. ఇక్కడ పిల్లలకు భాగహారం కంటే "రైలుకి ఏమైంది?" అన్న ప్రశ్న ముఖ్యం. అప్పుడు కథ చెప్పొచ్చు: ఛత్తీస్‌గఢ్‌లోని బైలాడిల్లా గనుల ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు దించడానికి వేసిన లైను అది, దారిలో 58 సొరంగాలు, సముద్రం పక్కన మొదలైన రైలు శిమిలిగూడ స్టేషన్ దగ్గరికి వచ్చేసరికి 996 మీటర్ల ఎత్తుకు ఎక్కుతుంది. దాదాపు కిలోమీటరు నిలువునా! మ్యాపులో రంగులకూ టైమ్ టేబుల్‌కూ సంబంధం ఉందని పిల్లలకు తెలిసేది ఇక్కడే, నాకు ఈ ప్లాన్ మొత్తంలో బాగా ఇష్టమైన చోటు కూడా ఇదే.

డబ్బు విషయానికి వస్తే, నలుగురి కుటుంబం అనుకోండి, అమ్మ, నాన్న, పదేళ్ల పాప, నాలుగేళ్ల బాబు, చేతిలో 10,000 రూపాయలు. రైల్లో ఐదేళ్లలోపు పిల్లలకు టికెట్ లేదు. ఐదు నుంచి పన్నెండేళ్లలోపు పిల్లలకు విడిగా బెర్తు వద్దంటే సగం ధర, కావాలంటే పూర్తి ధర, 2016 నుంచి ఇదే నియమం. లెక్క సులువుగా ఉండడానికి బెర్తు 400 అనుకుంటే, పాపకు బెర్తు తీసుకుంటే రానూపోనూ 2,400, తీసుకోకపోతే 2,000. తేడా 400. మా పిల్లలు దీని మీద చేసిన వాదన మీరు వినాల్సింది. ఆ 400తో బొర్రా గుహల టికెట్లు వస్తాయని ఒకరు, పదేళ్ల పిల్ల పక్కన ముడుచుకుని పడుకుంటే రాత్రంతా అమ్మకు నిద్ర ఉండదని ఇంకొకరు. చివరికి పోయేటప్పుడు బెర్తు, వచ్చేటప్పుడు వద్దు అని తేల్చారు, అంటే 2,200. ఆ అంకె కోసం కూడిక, గుణకారం, సగం, తీసివేత అన్నీ వాళ్లంతట వాళ్లే చేశారు, "కలపాలా తీసెయ్యాలా" అని ఒక్కరూ అడగలేదు. మీ బాబు ఇబ్బందికి మందు ఇదే అని నేను గట్టిగా నమ్ముతాను. ఆ ప్రశ్న వచ్చేది ఎవరి డబ్బో, ఎవరి టైమో తెలియని లెక్కల్లోనే.

తిండి ఖర్చు రాయించేటప్పుడు ధరలు మీరు చెప్పకండి. ప్లేటు ఇడ్లీ పది రూపాయలు అని రాసిన పిల్లాణ్ని మిగతావాళ్లు నిలదీశారు, వాడు వెళ్లి మా సందు చివర టిఫిన్ బండి దగ్గర అడిగి వచ్చి కొట్టేసి మళ్లీ రాశాడు. ముందు అంచనా రాయడం, తర్వాత అడిగి సరిచూసుకోవడం, రెండింటికీ పక్కపక్కనే గడులు ఉండాలి. మొత్తంలో పదో వంతు, అంటే 1,000, ముట్టుకోకుండా పక్కన పెట్టమనండి, శాతాలు నేర్పకుండానే పది శాతం అంటే ఏమిటో తెలిసిపోతుంది.

క్యాలెండర్ లెక్క ఒకటి చెప్తాను, ఇది పిల్లలకు భలే నచ్చుతుంది. రైలు టికెట్ల ముందస్తు బుకింగ్ 2024 నవంబర్ 1 నుంచి 120 రోజులు కాదు, 60 రోజులే. జనవరి 14న ప్రయాణం అయితే బుకింగ్ ఏ రోజు మొదలవుతుంది? పిడికిలి మీద నెలలు లెక్కపెట్టుకుంటూ జనవరిలో 14, డిసెంబర్‌లో 31, ఇంకా 15 కావాలి, నవంబర్‌కు 30 రోజులు కాబట్టి నవంబర్ 15. సంక్రాంతి టికెట్లు అయిపోతాయన్న టెన్షన్ ఇంట్లో అందరికీ తెలిసిందే కాబట్టి పిల్లలు చాలా సీరియస్‌గా లెక్కపెడతారు.

మూడో తరగతి వాళ్లకు అరకు దూరమే, వాళ్లకు నేను రామప్ప ఇస్తాను, ఒక్క రోజులో వెళ్లి వచ్చేది. ఎక్స్‌ప్రెస్ బస్సు అయితే, తెలంగాణలో ఆడవాళ్లకు బస్సు ఉచితం చేసిన మహాలక్ష్మి పథకంలో అమ్మకు సున్నా, అక్కకు సున్నా, నాన్నకు ఫుల్ టికెట్, ఎనిమిదేళ్ల తమ్ముడికి హాఫ్. సున్నాతో గుణిస్తే సున్నా ఎందుకో దీని తర్వాత మా పిల్లలకు వేరే చెప్పలేదు. శేషం కూడా ప్రయాణంలోనే బాగా అర్థమవుతుంది. పిన్నీ బాబాయి వాళ్లతో కలిపి 17 మంది, బండికి ఆరుగురు, ఎన్ని బండ్లు? "రెండు, శేషం ఐదు" అని రాసినవాళ్లను ఆ శేషం ఎలా వస్తారని అడగండి చాలు, మూడో బండి వాళ్లే మాట్లాడతారు.

ఫోన్‌లో మ్యాపు చివర్లో ఇవ్వండి, సరిచూసుకోవడానికి. ముందే ఇస్తే అది జవాబు చెప్పేస్తుంది, ఇక పిల్లలకు అడగడానికి ప్రశ్న మిగలదు. ఇంకోటి, ప్లాన్ మీ చేతిలోకి తీసుకోకండి. తప్పు కనపడగానే దిద్దకుండా "అయితే ఆ రైలు దొరుకుతుందా?", "రాత్రి భోజనానికి మిగిలిందా?" అని అడగండి. మార్కులు అస్సలు వెయ్యకండి.

మీ బాబు చేత మొదట కందకుర్తి వేయించండి, ఆ తర్వాత బాసర. బాసరకు రైలూ ఉంది, బస్సూ ఉంది, రెండిటికీ టైమూ ఖర్చూ పక్కపక్కన రాయించి ఏది ఎంచుకుంటాడో, ఎందుకో అడగండి, రైలు గోదావరి దాటేది ఎక్కడో మ్యాపులో పెన్సిల్‌తో గుర్తు పెట్టించండి. ఈ రెండూ అయ్యాక పెద్ద ప్రయాణం ఎక్కడికో వాడినే తేల్చమనండి. మ్యాపు కొనేటప్పుడు కింద స్కేలు గీత ముద్రించి ఉందో లేదో చూసుకోండి, బొమ్మల మ్యాపుల్లో చాలావాటికి ఉండదు, అది లేకపోతే దారం పెట్టి కొలిచీ ఏం లాభం లేదు.